మస్తాన్ గారి చేతికి తెలియని పేపరు

పొద్దున్నే ల్యాబు తలుపు తీయగానే మిరప ఘాటు ముక్కుకి కొడుతుంది. పదిహేనేళ్లుగా ఈ కాయల మధ్యే ఉద్యోగం, అయినా మొదటి తుమ్ము తప్పదు. నిన్న బల్ల మీది శాంపిల్లోంచి ఒక ఎండుకాయ తీసి చెవి దగ్గర ఊపాను. గింజలు గలగలమన్నాయి, బాగా ఎండిందన్నమాట. పక్కన తేమ కొలిచే మిషను పెట్టుకుని ఇదేం పని అని నాకే నవ్వొచ్చింది. వెంటనే మస్తాన్ గారు గుర్తొచ్చారు. కాయని అలా వినడం నాకు నేర్పింది ఆయనే.

నల్లపాడు దగ్గర మిర్చి ఎగుమతి చేసే మా కంపెనీలో అప్పట్లో ఆయన క్వాలిటీ ఇన్‌చార్జి, నేను ఆయన కింద ల్యాబ్ అసిస్టెంటుని. ఆయన చదువు ఐదో తరగతితో ఆగింది. కుర్రతనంలో బస్తాలు మోసి, తర్వాత కాయలు ఏరి, చివరికి వచ్చిన సరుకు లాటు మంచిదో కాదో సంతకం పెట్టే స్థాయికి వచ్చారు. తొడిమ విరిచి, కాయ చీల్చి, వాసన చూసి నెమ్ము, అంటే తేమ, ఎంతుందో చెప్పేవారు. నేను మిషన్లో పెట్టి చూస్తే దాదాపు అదే అంకె వచ్చేది. "పర్లేదమ్మాయ్, నీ మిషన్ బాగానే పనిచేస్తోంది" అనేవారు.

ఆయన రిటైరవడానికి రెండేళ్ల ముందు యజమాని నన్ను పిలిచారు. "సునీతా, మస్తాన్ తర్వాత ఆ కుర్చీ నీకే ఇవ్వాలనుంది. కానీ కొనేవాళ్లు ఇన్‌చార్జి చదువేంటని అడుగుతున్నారు. డిగ్రీ పైన ఫుడ్ సేఫ్టీలో ఏడాది సర్టిఫికెట్ కోర్సు ఉందంట, చెయ్యి. లేదంటే బయటినుంచి ఎవరినో తెచ్చుకోవాలి" అన్నారు.

సరేనండి అని బయటికొచ్చాను. కానీ డిగ్రీలో నేను కెమిస్ట్రీ రెండుసార్లు తప్పాను. ఆ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు. ముప్పై నాలుగేళ్ల వయసులో మళ్లీ హాల్ టికెట్ పట్టుకుని కూర్చోవాలా అనిపించేది. చేరి తప్పితే ఆఫీసంతా తెలుస్తుంది. పాసైనా కుర్చీ ఇస్తారని రాసిచ్చిందెవరు? చేరకపోతే మాత్రం, నిన్నగాక మొన్న కాలేజీ దాటిన అమ్మాయి వచ్చి నాకు పని చెబుతుంది. ఎటు చూసినా భయమే. నాలుగు రోజులు అన్నం సయించలేదు.

చివరికి మస్తాన్ గారికి చెప్పాను. నిజం చెప్పాలంటే, "కాగితం ముక్క నీకెందుకమ్మా, నేను చదివే చేస్తున్నానా" అని ఆయన అంటారనీ, ఆ మాట అడ్డం పెట్టుకుని తప్పించుకోవచ్చనీ నా ఆశ. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, "ఏమేం చెబుతారంట అందులో? చదువు" అన్నారు. ఫోన్లో సిలబస్ తీసి తెలుగు చేసి చదవడం మొదలుపెట్టాను.

"నిల్వ చేసే పద్ధతులు."

"ఇది నేను చెబుతాలే."

"గ్రేడింగు, రంగు, నెమ్ము."

"ఇదీ నేను చెబుతా. దీనికి ఫీజు దండగ."

"బూజు వల్ల పుట్టే విషాలు, శాంపిల్ తీసే విధానం."

దీన్ని మాత్రం ఆయన చెబుతాననలేదు. ఎందుకో నాకు తెలుసు. అంతకు ముందేడు సత్తెనపల్లి వైపు నుంచి ఒక లాటు వచ్చింది. బస్తాల్లో తొక్కేటప్పుడు కాయ నలగకుండా కాసిని నీళ్లు చిలకరించడం మా వైపు మామూలే. ఆ లాటుకి ఎవరో చెయ్యి జారి ఎక్కువ చల్లారు. పైన ఆరింది, అడుగున తడి ఉండిపోయింది. మస్తాన్ గారు ఎప్పటిలాగే బస్తాల మూతి దగ్గర కాయలు తీసి, విని, వాసన చూసి సంతకం పెట్టారు. కొన్న దేశంలో పరీక్ష చేస్తే బూజు విషం తేలింది, కంటెయినరు మొత్తం వెనక్కొచ్చింది. ఇంగ్లీషు రిపోర్టు నా చేతికిచ్చి, "ఏముందమ్మా ఇందులో?" అని అడిగినప్పుడు ఆయన ముఖం నేను మర్చిపోలేను. "నా ముక్కుకి తెలియలేదే. ఇన్నేళ్లలో ఎన్ని ఇలా పోయాయో, ఎంతమంది తిన్నారో" అన్నారు. ఆ రోజు తెచ్చుకున్న క్యారియర్ మూత కూడా తీయలేదు.

"ఆ ఒక్క పేపరు కోసం చేరు" అన్నారిప్పుడు.

"తప్పితేనండీ?"

"తప్పితే మళ్లీ రాస్తావు. నేను తప్పిన సంగతి నాకు కంటెయినరు వెనక్కొస్తే తెలిసింది. నీకు హాల్లోనే తెలుస్తుంది. ఏది నయం?"

చేరాను. ఆదివారాలన్నీ క్లాసులకే పోయాయి. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, సరిగ్గా ఆ పేపరే మొదటిసారి తప్పాను. బాత్రూములో తలుపేసుకుని ఏడ్చి, మళ్లీ ఫీజు కట్టి, రెండోసారి గట్టెక్కాను. మస్తాన్ గారు రిటైరయ్యాక ఆ కుర్చీ నాకొచ్చింది. జీతం నేననుకున్నంత పెరగలేదు. ఆ సర్టిఫికెట్ లాభమా నష్టమా అని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ తడుముకుంటాను.

ఇన్‌చార్జి అయిన మూడో నెలలో ఒక లాటు వచ్చింది. కాయ అద్దంలా ఉంది. కానీ కోర్సులో నేర్పినట్టు బస్తాల అడుగు నుంచి కూడా శాంపిల్ తీస్తే, ఒకచోట కాయలు చేతికి మెత్తగా తగిలాయి. బూజు విషం పరీక్షకి బయటి ల్యాబుకి పంపి లోడింగ్ ఆపేశాను. యజమాని అందరి ముందూ అరిచారు. రిపోర్టు వచ్చేదాకా మూడు రోజులు నాకు నిద్ర లేదు.

రిపోర్టు శుభ్రంగా వచ్చింది. లాటులో ఏ దోషమూ లేదు. అనవసరంగా ఆపి ఆ ఓడకి సరుకు అందకుండా చేశానని యజమాని వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇంట్లో ఉంటున్న మస్తాన్ గారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను, తిడతారనే అనుకుంటూ.

"రేపు మళ్లీ అట్లాంటిదే వస్తే ఏం చేస్తావు?" అన్నారు.

"ఆపుతానండి."

"భయం వేయదా?"

"వేస్తుందండి. చాలా."

"అయితే ఇంకేం, ఆ కుర్చీలో కూర్చో" అని పెట్టేశారు.

ఆయన పోయి ఏడాది దాటింది. సంతకం పెట్టే ముందు ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. ఏ లాటుకైనా ఆ దడ రాకపోతే, పెన్ను పక్కన పెట్టి మళ్లీ మొదటి బస్తా దగ్గరికి వెళతాను.