పాటకంటే ముందే వెళ్ళిపోయిన గిటారు

ఆ రోజుల్లో లెక్క కుదిరితే లోకంలో కుదరనిది ఏదీ ఉండదని నాకు గట్టి నమ్మకం. పనికి వెళ్ళిన ఎడారి దేశంలో, మహబూలా అనే పేటలో నలుగురం ఉండే గదిలో ఎలక్ట్రిక్ గిటారు వాయించాలన్న కోరికను కూడా లెక్కలాగే తేల్చాను. నిజమైన ఆంప్లిఫయరు తెస్తే బిల్డింగు కాపలా కాసే హారిస్ ఊరుకోడు. అందుకని హవల్లీ బజారుకు వెళ్ళి, గిటారును కంప్యూటరుకు కలిపే చిన్న డబ్బా ఒకటి కొన్నాను. ఆంప్లిఫయరు చేసే గర్జనంతా ఒక సాఫ్ట్‌వేరే తయారుచేసి హెడ్‌ఫోన్లో వినిపిస్తుంది. నా చెవుల్లో ఉరుములు, గదిలో మాత్రం బోసి తీగల చప్పుడు. "ఏంది బ్బీ, ఇంత సరంజామా ఈ టింగు టింగుకేనా?" అన్నాడు పక్క మంచం భాయ్ (రాయచోటి మనిషి, ట్యాక్సీ నడిపేవాడు). హెడ్‌ఫోన్ ఆయన చెవులకు తగిలించాను. కాసేపు విని, "బాగుండాది. వినేటోళ్ళకు తలా ఒకటి కొనిస్తావా?" అని అడిగాడు.

ఇంతకీ ఈ తంటా అక్కడి తెలుగువాళ్ళ ఉగాది సభ కోసం. పాటల బృందం కడుతున్న అమలాపురం మాస్టారు ఒక పాట తాళాన్ని సీడీలో ఇచ్చి, "దీని మీద మీ గిటారు వాయించి పట్రండి. అతికితే స్టేజీ మీద మా పక్కనేనండి" అన్నారు. అప్పటిదాకా ఆ సభల్లో నా పని కుర్చీలు సర్దడం. ఒక్కసారైనా ఆ కుర్చీలకు ఎదురుగా నిలబడాలని ఉండేది.

చిక్కేమిటంటే, నేను తీగ మీటాక శబ్దం చెవికి చేరేసరికి కంప్యూటరు సెకనులో పదోవంతు ఆలస్యం చేసేది. ఇంకొకరైతే తెలిసినవాళ్ళను అడిగేవారు. నేను లెక్క వేశాను. ఎంత ఆలస్యమో అంత ముందుగా మీటితే సరి! శుక్రవారాలన్నీ ఆ సాధనకే పెట్టాను. చివరికి నా చెవుల్లో గిటారూ తాళమూ ఒకదాని మీద ఒకటి చక్కగా పడ్డాయి. రికార్డు చేసి మాస్టారికి ఇచ్చేశాను (లెక్కను మూడుసార్లు సరిచూశాను కానీ, పాటను ఒక్కసారీ తిరిగి వినలేదు).

మర్నాడు ఫోను. "వాయింపు బాగానే ఉందండి. మరి మేవింకా బయల్దేరకుండానే మీరు ముందెళ్ళిపోయి ఎక్కడ కూర్చున్నారండీ?"

వింటే నిజమే, ప్రతి మీటూ తాళం కంటే ముందే పడుతోంది. రికార్డు చేసేటప్పుడు ఆ ఆలస్యాన్ని సాఫ్ట్‌వేరు తనంతట తానే సరిచేసుకుంటుందట. అది దిద్దేసిన లెక్కను నేను మళ్ళీ దిద్దాను. భాయ్ కూడా విని, "బస్సు రాకముందే ఎక్కినావు బ్బీ" అన్నాడు.

ఇక కుర్చీలే గతి అనుకుంటూ మాస్టారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా వివరించాను. ఆయన ఓపిగ్గా విని, తన ఆంప్లిఫయరుకు గిటారు తగిలించి వాయించమన్నారు. అక్కడ ఆలస్యమే లేదు, అయినా అలవాటుపడ్డ చెయ్యి ముందుకే పోయింది. "లెక్కెట్టకండి. నా తలకాయ చూడండి. అది కిందకి దిగినప్పుడు కొట్టండి, అంతేనండి" అన్నారు. ఉగాదినాడు స్టేజీ మీద పాటంతా ఆ తలకాయను చూస్తూనే వాయించాను. ఎదురుగా కుర్చీలు నిండాయో లేదో ఇప్పటికీ తెలియదు (మాస్టారి నడినెత్తిన జుట్టు పల్చబడుతోందని మాత్రం తెలిసింది). రెండుచోట్ల తప్ప అంతా అతికింది.

ఇప్పటి కంప్యూటర్లలో ఆ ఆలస్యం చెవికి తెలియనంత తక్కువ. ఆ కబురు నా చేతికి మాత్రం ఇంకా అందలేదు. పెళ్ళిళ్ళలో గట్టిమేళం అందుకోకముందే నా అక్షింతలు గాల్లో ఉంటాయి. మా ఆవిడ నా చెయ్యి పట్టుకునేసరికి అప్పటికే ఖాళీ. ఒంటరిగా వచ్చి పడ్డ ఆ నాలుగు గింజలను చూసి పంతులుగారు తలెత్తుతారు. నేను మహబూలా కుర్రవాణ్ణి తలచుకుని, ఎవరూ చూడకుండా కాస్త నవ్వుకుంటాను.