మిల్లీగ్రాము, మిల్లీలీటరు

కరీంనగర్‌లోని ఆ కంప్యూటర్ సెంటర్లో మిషన్లకు దుమ్ము పడుతుందని అందరూ చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు. ప్రమోదిని మేడమైతే గోడకు ఆనించి, జంటగా సర్ది మరీ లోపలికొస్తుంది. ఏ వస్తువైనా దాని పేరుతో దాని చోట ఉండాలని ఆమె పట్టుదల. సి భాషలోనూ అంతే. దశాంశ సంఖ్యను ఉత్త సంఖ్యగా వదలదు. రకానికి కొత్త పేరు పెట్టే టైప్‌డెఫ్ అనే మాటతో ఒకచోట మిల్లీగ్రాము అని, ఇంకోచోట మిల్లీలీటరు అని పేరు పెడుతుంది. పేర్లు వేరైతే, ప్రోగ్రాంలో తప్పులు పట్టే కంపైలర్ ఒకదాని చోటికి ఇంకోదాన్ని రానివ్వదని, రెండు వేళ్లు విడదీసి చూపిస్తూ మూడేళ్లుగా పాఠం చెబుతోంది. ఆ ధీమాతోనే పిల్లల దవాఖానకు మందు మోతాదు లెక్కగట్టే ప్రోగ్రాం రాసి, పోయిన సోమవారం ఫ్లాపీ ఇచ్చి వచ్చింది.

ఆ పొద్దున క్లాసులో బ్యాంకు గుమస్తా రజాక్ అడిగాడు. "మేడం, తారుమారు చేస్తే నిజంగనే పట్టుకుంటదా? జర సూపియ్యండ్రి."

"పట్టుకోక ఏడవోతది," అంటూ ఆమె దవాఖాన ప్రోగ్రామే తెరిచి, మిల్లీగ్రాములు రావాల్సిన చోట మిల్లీలీటర్లు పెట్టి కంపైల్ చేసింది. తప్పులు సున్నా అని తెర మీద పడింది. మళ్లీ చేసింది. మళ్లీ సున్నా.

"కంపైలర్ కండ్లకు రెండూ ఒక్కటేనా," అంది. "పేర్లు మనకేనా. మరి దవాఖానకు ఇచ్చినదాంట్ల నేనే ఏడనన్న తారుమారు రాసి ఉంటే..."

"ఏడికి మేడం?" అని రజాక్ లేచేసరికి ఆమె మెట్లు దిగి, నడిరోడ్డు మీద దవాఖాన వైపు పరుగెడుతోంది. గుమ్మం బయట ఆమె చెప్పులు, గోడకు ఆనించి, జంటగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.