నల్లబోర్డెక్కిన మోటార్లు

మా అన్నయ్య కూతురు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. మొన్న సెలవుకి వచ్చినప్పుడు భోజనాల దగ్గర తన ఆఫీసు గోడు వెళ్లబోసుకుంది. వాళ్ల టీములో ఎవరు ఎన్ని టికెట్లు మూశారో గోడమీద పెద్ద స్క్రీనులో పొద్దస్తమానం కనిపిస్తూ ఉంటుందట.

"టికెట్టంటే ఏంటే?" అన్నాను.

"మేం రాసిన ప్రోగ్రాము ఎక్కడైనా తేడా చేస్తే వాడేవాళ్లు మాకు రాసి పంపుతారు బాబాయ్. అదే టికెట్టు. సరిచేసి మూసేయాలి."

"సరిచేయకుండా మూసేస్తే?"

"మళ్లీ వస్తుంది. కొత్త టికెట్టుగా."

"దాన్నీ మూసేస్తే?"

"అది ఇంకో టికెట్టు కింద లెక్క." అని నావైపు అనుమానంగా చూసింది. "ఎందుకు నవ్వుతున్నావ్?"

నవ్వక ఏం చేయను? ఆ పిల్ల పుట్టకముందు, కంప్యూటరన్న మాట ఎవరి నోటా వినపడని తిరువూరులో, నేను ఆ స్క్రీను కింద పనిచేసినవాణ్ణి. కాకపోతే మాది నల్లబోర్డు.

అది డెబ్బైల నాటి మాట. బెజవాడలో ఐటీఐ చదివి వచ్చి, మా ఊళ్లోనే ఒక మోటార్ల షాపులో చేరాను. ముందు పంపుసెట్లు అమ్మే కొట్టు, వెనక రేకుల షెడ్డు. కాలిపోయిన వ్యవసాయ మోటార్లు ఆ షెడ్డుకి వచ్చేవి. అప్పుడప్పుడే బావుల మీద కరెంటు మోటార్లు పెరుగుతున్నాయి. వేసవి వచ్చిందంటే కరెంటు నీరసంగా వచ్చేది, మోటార్లు కాలిపోయేవి. గంపలగూడెం వైపు నుంచి వరి, పత్తి రైతులు, రెడ్డిగూడెం వైపు నుంచి మామిడితోటల వాళ్లు ఎడ్లబండి మీద మోటారు వేసుకుని వచ్చి షెడ్డు ముందు దించేవాళ్లు. మోటారు బాగయ్యేదాకా పైరుకి నీళ్లుండవు. అందుకని వాళ్ల మొహాలు ఆసుపత్రి వరండాలో కూర్చున్న వాళ్ల మొహాల్లా ఉండేవి.

షెడ్డులో మేం ముగ్గురం. పెద్ద మేస్త్రీ, ఫిట్టరు, నేను. ఫిట్టరు మోటారు విప్పి, బేరింగులు చూసి, మళ్లీ బిగిస్తాడు. కాలిన రాగితీగ తీసేసి, కొత్త తీగ చుట్టి, కరెంటు ఇనుములోకి దిగకుండా గాడుల్లో కాగితం వేసి కూర్చి, వార్నిషు పట్టించి ఆరబెట్టే పని మేస్త్రీదీ నాదీ.

మేస్త్రీ మంచి పనిమంతుడే కానీ మంచివాడని మాత్రం చెప్పలేను. ఆయనకి ఉన్నంత గర్వం కలెక్టరుకి కూడా ఉండదు. ఆదివారం చర్చికి ఇస్త్రీ చొక్కాతో వెళ్లి ముందు వరసలోనే కూర్చునేవాడు. రైతు తొందరపెడితే మోటారు తీసి బయట పెట్టేసి, "తీసుకుపోండి, బెజవాడలో తొందరగా చేసేవాళ్లున్నారు" అనేవాడు. వార్నిషు ఆరందే మోటారు గడప దాటనిచ్చేవాడు కాదు. బిగించాక కూడా దాన్ని తిప్పి, పక్కన కూర్చుని బీడీ కాల్చుకుంటూ, ఒంటి మీద చెయ్యి వేసి వేడి చూస్తూ ఉండేవాడు. నేను ఏదైనా అడిగితే, "ఐటీఐలో చెప్పలేదా?" అని ఎగతాళి. అయినా ఆయన చేతి మోటారు ఒకసారి వెళ్తే మళ్లీ కనపడేది కాదు.

అలాంటి షెడ్డుకి అల్లుడుగారు వచ్చారు.

మా యజమాని భూములున్న ఆసామి. కూతుర్ని కోయంబత్తూరు మిల్లులో ఆఫీసరుకి ఇచ్చాడు. ఆ ఉద్యోగం ఎందుకు వదిలారో మాకెవరూ చెప్పలేదు. వచ్చీ రాగానే మామగారి షాపు బాగుచేస్తానని పూనుకున్నారు. తెల్లప్యాంటు, జేబులో రెండు పెన్నులు, మెడలో స్కూలు డ్రిల్లు మాస్టారి ఈలలా వేలాడే గడియారం. ఊరంతా ఆయన్ని అల్లుడుగారనే పిలిచేది. అది మర్యాదా వెటకారమా అన్నది పలికేవాడి గొంతునిబట్టి ఉండేది.

మొదటి వారం ఆయన మమ్మల్ని చూస్తూ కూర్చున్నారు. రెండో వారం షెడ్డు గోడకి నల్లబోర్డు కొట్టించారు. దాని మీద మా ముగ్గురికీ మూడు గడులు.

"మీరు ఎంత పని చేస్తున్నారో మీకే తెలీదు. నాకూ తెలీదు. ఇకనుంచి అందరికీ తెలుస్తుంది" అన్నారు.

"ఎలాగండీ?" అన్నాడు ఫిట్టరు.

"ఎవరి చేతిలోంచి ఎన్ని మోటార్లు బయటికి వెళ్తే అంత అంకె. శనివారం సాయంత్రం ఎవరిది ఎక్కువుంటే వాళ్ల పేరు పైన."

మేస్త్రీ పకపకా నవ్వాడు. "అన్ని మోటార్లూ ఒకటేనాండీ? ఒకదానికి ఒక చుట్ట పోతుంది, ఒకదానికి ఒళ్లంతా కాలుతుంది."

"సగటు మీద అన్నీ సర్దుకుంటాయి" అన్నారు అల్లుడుగారు. ఆ మాట ఆయన కోయంబత్తూరు నుంచి తెచ్చుకున్నది. దేనికైనా అదే జవాబు.

ఆ శనివారం బోర్డు మీద నా పేరు పైన ఉంది. కారణం చాలా చిన్నది. నాకు తేలిక మోటార్లు వచ్చాయి. మేస్త్రీ ఒక మామిడితోట పెద్దమోటారుతో వారమంతా కుస్తీ పట్టాడు. ఆయన పేరు ఫిట్టరు కింద, అట్టడుగున ఉంది. షాపుకి వచ్చిన రైతులు బోర్డు చదివారు. ఒకాయన, "ఏంటి మేస్త్రీ, వయసైపోయిందా?" అన్నాడు. మేస్త్రీ చేతులు కడుక్కుని, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

సోమవారం ఆయన మామూలుకన్నా ముందే వచ్చాడు. వచ్చి, షెడ్డు ముందున్న మోటార్లన్నీ కదిపి చూసి, బేరింగు మాత్రమే పోయి ఫిట్టరు వాటాకి వెళ్లాల్సినవీ, తీగ కాస్త కాలినవీ తనవైపు లాక్కున్నాడు. బరువైనవి మూలకి తోశాడు. వాటి తాలూకు రైతులు రోజూ వచ్చి చూసిపోయేవాళ్లు. "వరసలో ఉంది" అనేవాడు మేస్త్రీ. ఆ వరసకి తల ఎక్కడుందో తోక ఎక్కడుందో ఆయనకే తెలుసు.

తర్వాత వార్నిషు మీద పడ్డాడు. రెండు పూతలు ఒకటయ్యాయి. ఎండలో రోజంతా ఆరాల్సినవి మధ్యాహ్నానికే బిగించేసేవాడు. గాడుల్లో వేసే కాగితం పలచబడింది. మోటారు తిప్పి పక్కన కూర్చునే అలవాటు పోయింది. స్విచ్చి వేయడం, గిర్రున తిరిగితే ఆపేయడం, బండెక్కించడం. నేనూ ఫిట్టరూ ఆయన వెనకే పరుగెత్తాం. ఆ పరుగులో మాకున్న కాస్త సిగ్గు కూడా దారిలోనే రాలిపోయింది.

మోటార్లు తిరిగి రావడం మొదలైంది. ఇక్కడే అల్లుడుగారి శాస్త్రం పూర్తిగా వికసించింది. తిరిగొచ్చిన మోటారు కొత్త మోటారు కిందే లెక్క. దాన్ని మళ్లీ బాగుచేసి పంపితే మళ్లీ ఒక అంకె. గంపలగూడెం రైతు ఒకాయన మోటారు ఒకే వేసవిలో అన్నిసార్లు మా షెడ్డుకి వచ్చి వెళ్లిందంటే, ఆ ఎడ్లు తోలేవాడు లేకుండానే దారి పట్టేవి. ఆయన మోటారు ఒక్కటే బోర్డుని సగం నింపింది.

అల్లుడుగారికి ఆనందం పట్టలేదు. మామగారిని పిలుచుకొచ్చి బోర్డు ముందు నిలబెట్టారు.

"చూశారా మావయ్యగారూ, మనుషులు వాళ్లే, షెడ్డు అదే. పని రెట్టింపు."

యజమాని కళ్లజోడు సర్దుకుని అంకెలు చూశాడు. "మరి బయట అంతమంది తిట్టుకుంటూ కూర్చున్నారేంట్రా?" అని నన్నడిగాడు.

నేను నోరు తెరిచేలోపు అల్లుడుగారే అందుకున్నారు. "పని పెరిగింది కదండీ, జనం కూడా పెరిగారు."

ఆయన అబద్ధం ఆడారని నేను అనను. అబద్ధమాడేవాడికి నిజమేంటో తెలిసి ఉండాలి. అల్లుడుగారు వీపు ఎప్పుడూ మోటార్లవైపు, మొహం ఎప్పుడూ బోర్డువైపు పెట్టి నిలబడేవారు. షెడ్డులో తీగ కాలిన వాసన వస్తున్నా ముక్కుకి తగిలేది కాదు. మేస్త్రీ గడిలో అంకె పెద్దదైతే చాలు, సుద్దముక్కతో దాని చుట్టూ సున్నా చుట్టేవారు. యాభై దాటిన మేస్త్రీ ఆ సున్నా వంక, మార్కులు చూసుకునే బడిపిల్లాడిలా చూసేవాడు. అంత పొగరున్న మనిషి అంత చవగ్గా లొంగిపోవడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ వెగటు.

ఆ ఏడు వర్షాలు మొదలయ్యేముందు ఒక పొద్దున గంపలగూడెం రైతు వచ్చాడు. ఈసారి బండి లేదు, మోటారు లేదు. బస్సు దిగి నడిచొచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నా భార్య మోటారు పక్కన కాలవలో బిందె ముంచబోయి, మోటారు మీద చెయ్యి వేసిందయ్యా. చెయ్యి దానికే అతుక్కుపోయింది. కట్టెతో స్విచ్చి కొట్టాను కాబట్టి సరిపోయింది. చెయ్యి కదలట్లేదు. ఆసుపత్రిలో ఉంది."

మోటారు ఒంట్లోకి కరెంటు దిగిందంటే లోపల కాగితమో వార్నిషో తేడా చేసినట్టు. అది షెడ్డులో అందరికీ తెలుసు.

"ఎవరు చేశారు దాన్ని?" అని అడిగాడు రైతు.

మేస్త్రీ చేతిలోని రాగితీగ కింద పెట్టాడు. "నేనే చేశాను" అన్నాడు. మెల్లగా చెప్పాడు, కానీ స్పష్టంగా చెప్పాడు.

అల్లుడుగారు ముందుకొచ్చారు. "ఎర్తు సరిగ్గా వేయించుకున్నావా నువ్వు? నీ పొలంలో జరిగేదానికి మాకేం సంబంధం?"

"నేను తిట్టడానికి రాలేదండి" అన్నాడు రైతు. "ఆ మోటారు ముట్టుకోవడానికి మా ఊళ్లో ఎవరూ రావట్లేదు. వచ్చి విప్పండి. అంతే."

మేస్త్రీ పానా, స్క్రూడ్రైవరు, రాగితీగ, కాగితం, వార్నిషు డబ్బా సంచిలో వేసుకుని ఆ రైతుతో తర్వాతి బస్సెక్కాడు. నేనూ వెళ్లాను. పొలంలో మోటారు విప్పి చూస్తే గాడిలో కాగితం చిరిగి, తీగ ఇనుముకి ఆనుకుని ఉంది. మేస్త్రీ తర్వాత ఆ ఊళ్లోనే ఉండిపోయి, పొలం గట్టు మీద చెట్టు కిందే మొత్తం తీగ తీసేసి మళ్లీ చుట్టాడు. వార్నిషు ఎండకి పూర్తిగా ఆరేదాకా కదల్లేదు. తిప్పి, పక్కన కూర్చుని, బీడీ వెలిగించాడు. తిరిగొచ్చేముందు ఇద్దరం ఆసుపత్రికి వెళ్లాం. ఆమె చెయ్యి అప్పటికి కాస్త కదులుతోంది. మేస్త్రీ గుమ్మం దగ్గరే ఆగిపోయి, నమస్కారం పెట్టి వెనక్కి తిరిగాడు.

మేం షెడ్డుకి వచ్చేసరికి బోర్డు మీద ఆయన గడిలో ఆ వారం సున్నా ఉంది.

"వారమంతా ఒక్క మోటారు!" అన్నారు అల్లుడుగారు. "అది కూడా మన షెడ్డులోంచి బయటికి వెళ్లింది కాదు. నేను దేని కింద రాయను?"

"మీ ఇష్టం వచ్చినదాని కింద రాసుకోండి" అని, మేస్త్రీ తన పనిముట్లు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ పై నెల రెడ్డిగూడెం రోడ్డులో ఒక పాక వేసి మోటార్లు బాగుచేయడం మొదలుపెట్టాడు.

అల్లుడుగారికి బుద్ధొచ్చిందని ఎవరైనా అనుకుంటే వాళ్లకి అల్లుడుగారు తెలీనట్టే. ఆయన బోర్డుని చెరిపి, కొత్త గడి గీశారు. ఇకనుంచి తిరిగొచ్చిన మోటార్లు కూడా లెక్కపెడతారట, తక్కువ ఉన్నవాడు గొప్ప. ఫిట్టరు రెండు రోజుల్లోనే కిటుకు పట్టాడు. రైతు మోటారు తిరిగి తెస్తే, "ఇది మా షెడ్డుది కాదండీ, మా గుర్తు లేదు" అని గుమ్మంలోంచే పంపేసేవాడు. తిరిగొచ్చేవి బోర్డు మీద పూర్తిగా మాయమయ్యాయి. రైతులు కూడా మాయమయ్యారు. కొందరు మేస్త్రీ పాకకి, కొందరు బెజవాడకి.

షెడ్డు ఖాళీ అయ్యాక అల్లుడుగారికి ఇంకో ఆలోచన వచ్చింది. మోటారు వచ్చిన దగ్గర్నుంచి వెళ్లేదాకా ఎంతసేపు పడుతోందని కొలిచారు. రోజుకి ఒక్కటి వచ్చే చోట ఎంతసేపు పడుతుంది? ఇద్దరం దాని మీద పడి మధ్యాహ్నం భోజనానికి ముందే ముగించేవాళ్లం. బోర్డు చూస్తే రాష్ట్రం మొత్తం మీద అంత చురుకైన షెడ్డు లేనట్టే. ఒక పెద్ద పంపుల కంపెనీవాళ్లు బెజవాడ నుంచి ఏదో పని మీద వచ్చి ఆ అంకెలు చూసి మురిసిపోయారు. ఆయన్ని తమ దగ్గరికి పెద్ద జీతానికి రమ్మన్నారు.

వెళ్లేముందు ఆయన నన్ను వెంటేసుకుని రెడ్డిగూడెం రోడ్డులో ఉన్న మేస్త్రీ పాకకి వెళ్లారు. మేస్త్రీ క్యారేజీ విప్పుకుని అన్నం తింటున్నాడు. లేవలేదు.

"మేస్త్రీ, నాతో బెజవాడ వచ్చేయ్. అక్కడ మనుషులు చాలామంది. నువ్వు వాళ్లకి పెద్ద మేస్త్రీగా ఉండు" అన్నారు అల్లుడుగారు.

"అక్కడా బోర్డుంటుందాండీ?"

"ఉంటుంది. ఇంకా పెద్దది."

"అయితే దాని మీద మీ పేరే పైన రాసుకోండి" అని మేస్త్రీ మజ్జిగ పోసుకున్నాడు.

అల్లుడుగారు నవ్వారు. పొగడ్త అనుకున్నారేమో. ఎండలో బస్సు వచ్చేదాకా రోడ్డు పక్కన నిలబడి, కొత్త కంపెనీలో మొదటి వారంలోనే ఏమేం కొలవబోతున్నారో నాకు చెబుతూనే ఉన్నారు. బస్సొచ్చింది, ఎక్కారు. మామగారి షెడ్డులో కొన్నాళ్లకి ఎరువుల బస్తాలు పేర్చారు. నేను వెళ్లి మేస్త్రీ పాకలో చేరాను. ఎలాంటివాడో తెలిసి కూడా చేరాను. మొదటిరోజే, వార్నిషు పూసిన మోటారుని ఎండలోంచి కాస్త ముందుగా తీయబోతే, "ఐటీఐలో ఇదే నేర్పారా?" అని అరిచాడు.