మగ్గాల మోతలో ఒక పాట

తిరుపతి నుంచి నగరికి పోయి రావడాన్ని ఎవరూ యాత్ర అనరు. మా ఊరికి వచ్చేవాళ్ళే యాత్రికులు, మేం వాళ్ళ మధ్య సందు చూసుకుని నడిచేవాళ్ళం. అయినా ఈ మధ్య ఒక శనివారం పొద్దున బయలుదేరి దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చిన ఆ ప్రయాణం గురించి రాయాలనిపించింది. మీలో ఎవరైనా ఆ దారిన పోతే పనికొస్తుంది, ముఖ్యంగా నాలాగా నోరున్నవాళ్ళకు.

కారణం మా అమ్మాయి నిత్య. డిగ్రీ చివరి సంవత్సరం. ఒక పాట తయారు చేసుకుని దాన్ని వీడియోగా తీసి కాలేజీలో చూపించాలి. జట్టులో ముగ్గురు. దర్శకత్వం నిత్య, కెమెరా చరణ్ అనే అబ్బాయి, పాట భార్గవిది. భార్గవి వాళ్ళది నగరి. వాళ్ళమ్మ వసంతమ్మ అక్కడ ఒక షెడ్డులో మరమగ్గాలు నడుపుతుంది. ఆ అమ్మ మీదే పాట రాసి, బాణీ కట్టి, తనే పాడింది భార్గవి. "నా పాటలో మా అమ్మే కనపడాల" అన్నది ఆ పిల్ల పెట్టిన ఒకే ఒక్క షరతు. షెడ్డు యజమానేమో, వసంతక్క సరే అంటే నాకేం అడ్డం లేదన్నాడట. అంటే మొత్తం వ్యవహారం వసంతమ్మ నోటి నుంచి వచ్చే ఒక్క 'సరే' మీద నిలబడి ఉంది. ఆ మాట అడగడానికి, షెడ్డులో వెలుతురు ఎలా ఉందో చూసుకోవడానికి ఈ ప్రయాణం. భార్గవి ముందు రోజే ఊరికి వెళ్ళిపోయింది.

నిత్య మనసులో ఇంకో లెక్క ఉందని నాకు తెలుసు. వాళ్ళ కాలేజీలో శ్రుతి అని బాగా నాట్యం చేసే పిల్ల ఉంది. తెర మీద ఆ పిల్ల ఉంటే అందంగా ఉంటుందని నిత్య ఆలోచన. భార్గవికి ఇంకా చెప్పలేదు. "పిల్లలు పోతారులే, నువ్వెందుకు?" అన్నారు మా ఆయన. ఎందుకో చెప్పకుండానే నేను చీర మార్చుకుని వచ్చేశాను.

ఏడున్నరకు బస్సు దొరికింది. ఆడవాళ్ళు ఆధార్ కార్డు మరిచిపోకండి, చూపిస్తే టికెట్టుకు డబ్బులుండవు. అయితే నగరితో ఆగిపోయే బస్సే ఎక్కాలి. తమిళనాడులోకి పోయే బస్సుల్లో ఆ సౌకర్యం లేదు. కండక్టరు మా ఇద్దరికీ సున్నా టికెట్లు కొట్టి, చరణ్ దగ్గర మాత్రం డబ్బులు తీసుకున్నాడు.

"ఈ బస్సులో డబ్బులిచ్చింది నేనొక్కడినే ఆంటీ, కిటికీ నాదే" అని వాడు నన్ను లేపి కూర్చున్నాడు.

వడమాలపేటలో ఒక అవ్వ పూలగంపతో ఎక్కింది. చరణ్ రెండు చేతుల వేళ్ళూ చట్రంలాగా కలిపి, అందులోంచి కొండల్ని, పొలాల్ని, చివరికి అవ్వని కూడా చూస్తున్నాడు.

"ఏందిరా అబ్బోడా, సినిమా తీస్తా ఉండారా? హీరో ఎవురు?"

"హీరో లేడవ్వా. పాట. నాలుగు నిమిషాలుంటాది."

"నాలుగు నిమిషాలకి నగరి దాకా పోతా ఉండారా! మా ఇంటాయన పెండ్లిసూపులకి గూడా ఇంత దూరం రాలా."

పుత్తూరులో బస్సు కాసేపు ఆగింది. విరిగిన ఎముకలకు పేరుమోసిన పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు చేతులు మెడకు వేలాడదీసుకుని తిరుగుతున్నారు. ఇడ్లీ తిన్నాం, ఇడ్లీ కంటే చట్నీ బాగుంది. తింటూనే నిత్య, వీడియో ఎలా ఉండాలో తను గీసుకున్న బొమ్మలు ఫోన్లో చూపించింది. పైకప్పు రంధ్రంలోంచి ఎండ పడుతూ ఉంటుంది, బంగారు రంగు పట్టుదారాల వెనక శ్రుతి కళ్ళు నెమ్మదిగా తెరుచుకుంటాయి.

"నగరిలో పట్టు నేస్తారని నీకెవరు చెప్పారు?" అన్నాను.

"బాగా వెతికాను మా. ఎన్ని వీడియోలు చూశానో."

"ఆ వీడియోలు ఏ ఊరివో చూడలేదా? నువ్వు పోతున్న షెడ్డులో నేసేది లుంగీలు. లుంగీ వెనక ఆ పిల్ల కళ్ళు తెరిస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

చరణ్‌కు ఇడ్లీ గొంతులో అడ్డం పడింది. నిత్య ఫోను సంచిలో పడేసి చేయి కడుక్కోవడానికి లేచిపోయింది.

పది కావస్తుండగా దిగాం. భార్గవి బస్టాండులో ఎదురుచూస్తోంది. నాలుగు వీధులు నడవాలి. రెండో వీధి మలుపులోనే మోత మొదలైంది. ఇంటి గోడల వెనక నుంచి, మిద్దెల కింద నుంచి టకటకటకమని ఒకటే వరస. షెడ్డులోకి అడుగు పెట్టాక అది చెవులతో వినేది కాకుండా పోయింది. పాదాల్లోంచి పైకి వచ్చి గుండెల్లో కొట్టుకుంది. రేకుల కప్పు కింద ఆరు మగ్గాలు. గాలి నిండా దూది నూగు, గోడల మీద నూగు, బల్బు మీద నూగు. ముగ్గురు ఆడవాళ్ళు, ఒక్కొక్కరికి రెండేసి మగ్గాలు.

చివర రెండు మగ్గాల మధ్య ఉన్నది వసంతమ్మ. సన్నటి మనిషి, జడ ముడి వేసి రవికెలోకి దోపుకుంది. మమ్మల్ని చూసి తల ఊపి, చేతులు మాత్రం ఆపలేదు. తెగిన పోగును పట్టుకుని ముడి వేసి వదిలే లోపల రెండో మగ్గం వైపు తిరిగిపోయేది. భార్గవి మాకు మజ్జిగ తెస్తానని సైగ చేసి ఇంటికి పోయింది. ఇల్లు ఆ పక్కనే.

నిత్య నాకు ఎదురుగా నిలబడి అరిచింది. అరిస్తేనే నాకు సగం వినపడింది. "ఈమె వద్దు మా! మరీ వయసైనట్టు కనపడుతోంది. చేతులు మాత్రం ఈమెవి తీసుకుని, మొహం శ్రుతిది పెట్టుకుంటాను!"

"భార్గవి ఒప్పుకుంటుందా?"

"షూటింగు రోజు చెప్తాను!"

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కానీ నాకు ఒక చమత్కారం తోచింది, తోచినదాన్ని మింగే అలవాటు నాకు లేదు. "చేతులు బాగున్నాయి, ముందు పళ్ళే ఎత్తు! నవ్విందంటే పాట కనపడదు, పళ్ళే కనపడతాయి!" అన్నాను, ఆ మోతలో అంత గట్టిగా, నోరంతా తెరిచి. నిత్య నవ్వింది. మగ్గాల అవతల వసంతమ్మ తలెత్తి మావైపు చూసి, మళ్ళీ పోగు మీదికి వంగింది.

చరణ్ మూలమూలా వెలుతురు చూసుకునేసరికి ఒంటి గంటైంది, మగ్గాలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో నా చీర కుచ్చెళ్ళ చప్పుడు నాకే వినిపించింది. వాళ్ళింట్లో నేల మీద వరసగా కూర్చున్నాం. మునక్కాయ సాంబారు, వంకాయ కూర, అప్పడాలు. వసంతమ్మ మొదట నాకే వడ్డించింది.

"అమ్మా, వీళ్ళకి షెడ్డు నచ్చినాదంట" అంది భార్గవి సంబరంగా.

"అవును. షెడ్డు నచ్చినాది, నా సేతులూ నచ్చినాయి" అంది వసంతమ్మ, సాంబారు పోస్తూ. "పండ్లే నచ్చలా. ఇంకొంచెం పొయ్యమంటారా మేడం?"

వద్దన్నట్టు ఆకు మీద చేయి అడ్డం పెట్టాను.

"పెండ్లిసూపులకి వచ్చినోళ్ళు గూడా ఇదే అనినారు. కాకపోతే వాళ్ళు ఇంటికి పోయినాక అనుకున్నారు."

చరణ్‌కు ఏమీ అర్థం కాక అందరినీ మార్చి మార్చి చూశాడు. వాడికి చెప్పింది భార్గవి. "మగ్గాల కాడ మాట ఎవురికీ ఇనపడదు. అమ్మోళ్ళు పెదాలు సూసే మాట్లాడుకుంటారు. ఈ కొస నుంచి ఆ కొసకి, ఎవురింట్లో ఏం కూరో గూడా." అంటూనే ఆ పిల్లకు విషయం తగిలింది. "ఎవురు? ఎవురన్నారు మా అమ్మని?"

వసంతమ్మ చెప్పలేదు. "నేనే" అన్నాను. దాంతో నిత్య కూడా తలవంచుకుని శ్రుతి సంగతి చెప్పేసింది.

"చేతులు మా అమ్మవి, మొహం శ్రుతిదా?" భార్గవి గొంతు పెంచలేదు. "అట్లయితే నా పాట తీసుకోవద్దు నిత్యా. మార్కులు పోతే పోనీ."

నేను వాదించే మనిషిని. బ్యాంకులో, రేషన్ షాపులో, బంధువుల పెళ్ళిళ్ళలో వాదించి గెలిచాను. ఆ రోజు నాకు దొరికింది ఒక పాత మాటే. "నోరు జారింది వసంతమ్మా, మనసులో పెట్టుకోవద్దు."

"జారలేదులే మేడం, సక్కగానే పలికినారు. మీ మాట సదివేది శానా సులబం, నోరు బాగా తెరుస్తారు" అని ఆమె కూతురి వైపు తిరిగింది. "అదుండనీమే. ఏం పాట అది? నాకు ఒక్క నాడూ పాడి సూపీలేదు."

"ఫోన్లో పంపిచ్చినా గదా!"

"షెడ్డులో ఇంటే ఏం ఇనపడతాది? ఇంటికొచ్చినాక సెవుల్లో మోత తగ్గేలోగా నిద్ర పడతాది."

మళ్ళీ షెడ్డు టైమైంది. ఆమె చేయి కడుక్కుని వెళ్ళిపోయింది. ఆరు మగ్గాలూ లేచాయి. మేం వెళ్ళిపోవాలా ఉండాలా తెలియక షెడ్డు తలుపు దగ్గర నిలబడ్డాం. అప్పుడు భార్గవి మమ్మల్ని దాటుకుని లోపలికి పోయి, వాళ్ళమ్మకు ఎదురుగా, షెడ్డు ఈ కొసన నిలబడి పాడింది.

మాకు ఒక్క మాట వినపడలేదు. గొంతు నరాలు కదలడం, గడ్డం లేవడం మాత్రం కనిపించాయి. ఆ కొసన వసంతమ్మ చూస్తోంది. మొదట చేతులు పనిలోనే ఉన్నాయి. ఎడమవైపు మగ్గంలో పోగు తెగి మగ్గం ఆగిపోయింది. ముడి వేయలేదు. కుడివైపుదీ ఆగింది. ముట్టుకోలేదు. మిగిలిన ఇద్దరూ కూడా భార్గవి పెదాల వైపే మెడలు చాపారు. ఆ షెడ్డులో పాట తెలిసింది వాళ్ళ ముగ్గురికే. చెవులు పెట్టుకుని నిలబడిన మా ముగ్గురికీ కాదు.

పాట అయిపోయాక వసంతమ్మ పెదాలతో ఏదో అంది. భార్గవి ఏదో జవాబిచ్చింది. తల్లి తల అడ్డంగా ఊపి, వేలు ఆడించి మళ్ళీ అంది. అది పోట్లాటని నాకు తెలుసు, ఆ రంగంలో నాకు అనుభవం ఉంది. చివరికి భార్గవి కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ బయటికి వచ్చింది.

"రెండో చరణంలో అబద్ధం ఉండాదంట. మగ్గం కాడ ఏడ్చిందని రాసినా. 'ఏడిస్తే పోగు కనపడతాదా? నేనెప్పుడు ఏడిస్తిని?' అంటాది. మార్చాల్సిందే."

నిత్య ఫోన్లోని బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా తీసేస్తూ అడిగింది. "సరే అన్నారా మరి?"

"అది అడగలా."

ఐదింటికి ఆటోలో నగరి పక్కనే ఉన్న ఏకాంబరకుప్పం స్టేషనుకు వచ్చాం. తిరుగు ప్రయాణానికి ప్యాసింజరు రైలే మేలు, కుదుపు తక్కువ, గాలి ఎక్కువ. సాగనంపడానికి తల్లీకూతుళ్ళిద్దరూ వచ్చారు. దారంతా వసంతమ్మ కూరగాయల ధరలు, మా ఇంటి సంగతులు మాట్లాడింది తప్ప వీడియో ఊసెత్తలేదు. నిత్య అడగబోయినప్పుడల్లా నేను మోచేతితో పొడిచాను. ఇంత జరిగాక అడిగే హక్కు మాకెక్కడిది?

రైలెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాం. మా రైలు కదలబోతుండగా పక్క పట్టాల మీదికి గూడ్సు బండి వచ్చింది. పెట్టె వెనక పెట్టె, ఆ హోరుకు ప్లాట్‌ఫారం మీద మాట్లాడుకునేవాళ్ళందరూ నోళ్ళు మూశారు. సరిగ్గా అప్పుడు వసంతమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. తొందర లేదు, అరుపు లేదు. 'అక్కా' అన్నది మాత్రం చదవగలిగాను. పొద్దుటి నుంచి మేడం అన్న మనిషి. మిగతాది నాకు అందలేదని ఆమె గ్రహించింది. చూపుడు వేలితో తన ముందు పళ్ళ మీద టకటక తట్టి చూపించింది. ఆ తర్వాత చరణ్ పొద్దుటి నుంచి చేస్తున్నట్టే, రెండు చేతుల వేళ్ళూ చట్రం కట్టి, అందులో తన మొహం పెట్టి నవ్వింది. పళ్ళన్నీ కనపడేలా.

రైలు కదిలింది. చరణ్ కిటికీలోంచి అంతే పెద్ద చట్రం కట్టి ఊపాడు.

పుత్తూరు దాటేలోగా వీడియో కొత్తగా కుదిరింది. శ్రుతి లేదు, పట్టుదారం లేదు, ఎండ కిరణం లేదు. మొదటి చరణమంతా మగ్గాల మోతే ఉంటుంది, పాడే భార్గవి పెదాలు, చూసే వసంతమ్మ కళ్ళు ఉంటాయి. గొంతు ఆ తర్వాతే వినపడుతుంది. "చూసేవాళ్ళకు అర్థమవుతుందా మా?" అంది నిత్య. "మొదట అర్థం కాదు. మనకు అయిందా?" అన్నాను.

నగరి పోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే. మంచినీళ్ళు, ఆధార్ కార్డు, చెవుల్లోకి దూది పట్టుకుపోండి. చెవులు మూసుకున్నా మీ నోటికి మాత్రం అక్కడ చాటు లేదు.

తడుకు స్టేషనులో మా ఎదుటి సీట్లోకి ఒకావిడ వచ్చి కూర్చుంది. ఆకుపచ్చ చీర మీద ఊదా రంగు రవికె. నిత్య చెవిలో అనడానికి మంచి మాటే తట్టింది. నోరు తెరిచాను. ఆవిడ నా పెదాల వైపు చూస్తోంది, మామూలుగానే చూస్తోందేమో. మూసేశాను.

రేణిగుంట దాకా ఒక్క మాట మాట్లాడలేదు. నిత్య నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని.