వుకా అత్త ఎవరికీ చెప్పని జవాబులు

మా మేనత్త వుకోసావా, అందరికీ వుకా, పదహారేళ్ళకే బడి మానేసి ఫౌండ్రీలో చేరింది. కరిగిన ఇనుము పోసే ముందు మూసలో పెట్టే ఇసుక అచ్చులు చేసే గదిలో దాదాపు నలభై ఏళ్ళు నిలబడి పనిచేసింది. మొగుడు గోయ్కోదీ అదే ఫౌండ్రీ. ఆ ఇసుక దుమ్మే ఊపిరితిత్తుల్లో పేరుకుని యాభై రెండేళ్ళకు పోయాడు. పిల్లలు లేరు. రెండంతస్తుల చెక్క ఇంట్లో కింద అత్త, పైన మేము ఉండేవాళ్ళం. మేమంటే మా నాన్న ఒబ్రెన్, అమ్మ, నేను. నాన్న అత్తకు తమ్ముడు, అదే ఫౌండ్రీలో కొలిమి దగ్గర మేస్త్రీ.

మిచిగన్ సరస్సు ఒడ్డున మా ఊరు రెండు ముక్కలుగా ఉండేది. రైలు కట్టకు ఇవతల, పొగ గొట్టాల కింద వీధుల్లో మేము, సెర్బులం. అవతల గట్టు మీద డేన్లు, డెన్మార్క్ మూలాలవాళ్ళు. వాళ్ళ తాతలు మా తాతలకన్నా ముప్పై ఏళ్ళు ముందు వచ్చారు. వస్తూనే చదవడం, రాయడం వచ్చి, చేతిలో వడ్రంగమో పాడి పనో ఉండి, పెళ్ళాం పిల్లలతో దిగారు. నేల చవగ్గా ఉన్నప్పుడే కొనుక్కున్నారు. మా తాత ఒక్కడే వచ్చాడు, నాలుగు డబ్బులు వెనకేసుకుని యూరప్‌లో తను పుట్టిన లికా కొండలకు తిరిగి వెళ్ళిపోదామని. వెళ్ళలేదు. ఫౌండ్రీలో కొలిమి దగ్గర, ఇసుక దగ్గర మావాళ్ళు. అచ్చులకు చెక్క నమూనాలు చేసే షాపులో, ఆఫీసులో వాళ్ళు. అలా ఉండాలని ఎవరూ బోర్డు పెట్టలేదు. అయినా అటువాళ్ళు ఇటుగాని, ఇటువాళ్ళు అటుగాని పనిచేయడం నేను రెండుసార్లే చూశాను.

బడి మాత్రం అందరికీ ఒకటే. అత్త క్లాసులో ఎల్నా బుండ్‌గార్డ్ అని గట్టు మీద పిల్ల ఉండేది. లెక్కల్లో ఒక నెల అత్త మొదట, ఇంకో నెల ఎల్నా మొదట. టీచరు ఇద్దరినీ ఉపాధ్యాయ శిక్షణ కాలేజీకి పంపాలని పట్టుబట్టింది. ఆ ఏడే మా తాత కొలిమి దగ్గర కాలిపోయి చనిపోయాడు. ఎల్నా కాలేజీకి వెళ్ళింది. అత్త ఫౌండ్రీకి వెళ్ళింది. తర్వాత ఎల్నా టీచరైంది, హెడ్మిస్ట్రెస్ అయింది. కింద వీధుల పిల్లలం చాలామందిమి ఆవిడ దగ్గరే చదువుకున్నాం. అత్త ఎప్పుడైనా బజారులో ఎదురుపడితే ఇద్దరూ తల ఊపి ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు.

1980 ఫిబ్రవరిలో ఫౌండ్రీ మూసేశారు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు, బ్యాంకులో చిన్న గుమాస్తాను. నాన్నకు యాభై మూడు. పగటిపూట నాన్న వంటింట్లో కూర్చుని ఉండడం నేను అంతకుముందు చూడలేదు. ఎక్కడ చేతులు పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చునేవాడు.

ఆ వసంతంలో జనాభా లెక్కలకు మనుషులు కావాలని పోస్టాఫీసులో కాగితం అంటించారు. యాభై ఆరేళ్ళ అత్త పరీక్షకు వెళ్ళింది. హాల్లో కాలేజీ చదివిన కుర్రాళ్ళు కూడా ఉన్నారు. మార్కులు అందరికన్నా అత్తకే ఎక్కువ వచ్చాయి. ఆ రోజు క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి సార్మా వండి, సగం గిన్నె పైకి పంపింది. నాన్న తింటూ, "ఇంక మీరు దొరసాని గారు, మా ఇంటికి రావాలంటే ముందు చెప్పి రండి" అని ఏడిపించాడు. అత్త నవ్వింది. అంత మనసారా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

పని ఏమిటంటే, పోస్టులో వచ్చిన ఫారం నింపి తిరిగి పంపని ఇళ్ళకు వెళ్ళి, కూర్చుని, అడిగి రాయడం. కొన్ని ఇళ్ళకు పెద్ద ఫారం వచ్చేది. ఎంత చదివారు, ఎన్ని వారాలు పనిచేశారు, ఎంత వస్తుంది, ఇంట్లో స్నానాల గదులు ఎన్ని. అన్నిటికన్నా కొత్తగా ఆ ఏడు ఇంకొకటి పెట్టారు: మీ వంశం ఎక్కడిది? అత్త చెయ్యెత్తి ప్రమాణం చేసింది. విన్నది బయటపెడితే జైలు.

కింద వీధుల్లో తలుపు తట్టక ముందే తీసేవాళ్ళు. కాఫీ, ప్లమ్ సారా, కేకు ముందు పెట్టి, జవాబులు తప్ప మిగతావన్నీ చెప్పేవాళ్ళు. కాగితాలు లేకుండా వచ్చిన మేనల్లుడిని వెనక గదిలోకి పంపేవాళ్ళు. "పోయిన వారం పనిచేశారా?" అని అడిగితే మగవాళ్ళు కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళు. వంశం దగ్గరకు వచ్చేసరికి మాత్రం, "సెర్బ్ అని పెద్ద అక్షరాలతో రాయి, వుకా" అనేవాళ్ళు. ఇదంతా నాకు తెలిసింది ఆ ఇళ్ళవాళ్ళు చెప్పుకుంటుంటే విని. అత్త నోటి నుంచి ఒక్క మాట రాలేదు.

మా ఇంటి ఫారం కూడా వెళ్ళలేదు. నాన్న దాన్ని రేడియో వెనక పడేశాడు. అత్త తన పైఅధికారిని వేరే మనిషిని పంపమని అడిగింది, ఎవరూ లేరన్నాడు. దాంతో ఒక ఆదివారం ఆవిడే సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చి, అమ్మనూ నన్నూ కాసేపు బయటికి వెళ్ళమంది. తలుపు వేసుకుని అక్కాతమ్ముళ్ళు గంటసేపు కూర్చున్నారు. నాన్న ఏం రాయించాడో నాకు ఇప్పటికీ తెలియదు. తలుపు తీశాక అత్త నా తల నిమిరి కిందకు వెళ్ళిపోయింది.

మే నెలలో అత్తను గట్టు మీద వీధులకు వేశారు. అక్కడ జరిగిన సంగతి ఏడేళ్ళ తర్వాత ఎల్నా చెప్పగా విన్నాను.

ఎల్నాకు చేతులు వణికే జబ్బు వచ్చింది. కలం పట్టలేక ఫారం బల్ల మీదే ఉంచేసింది. భర్త నమూనాల షాపు పెద్దగా చేసి, రిటైరయ్యాక చనిపోయాడు. కొడుకులిద్దరూ దూర రాష్ట్రాల్లో ఉన్నారు. తలుపు గొలుసు తీయకుండానే సందులోంచి చూసి, "రండి" అనబోయి ఆగింది.

"నువ్వు వుకోసావా కదూ?"

"అవును. ఫారం అందలేదని వచ్చాను."

ఎల్నా కాఫీ పెట్టింది. కప్పు అందిస్తుంటే ఒలికింది, అత్తే తుడిచింది. ఆ వీధిలో ఆ రోజు అత్త వెళ్ళిన ఇళ్ళన్నిట్లో ఇంటికి ఒక్క మనిషే ఉన్నారని ఎల్నాకు తెలుసు, అవి ఆవిడ ఎరిగిన ఇళ్ళే. పిల్లలు చదువుకుని, మంచి ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. డేనిష్ చర్చి మూసి పక్క ఊరి చర్చిలో కలిపేసి అప్పటికి ఆరేళ్ళు.

అత్త వరసగా అడుగుతూ వచ్చింది. చదువు దగ్గర ఎల్నా, బడీ కాలేజీ కలిపి పదిహేడేళ్ళని చెప్పి, అంతటితో ఆగలేకపోయింది.

"లెక్కల్లో నువ్వు నాకన్నా ముందుండేదానివి."

"ఇప్పుడూ లెక్కలే రాస్తున్నాను" అంది అత్త.

ఎల్నా నవ్వలేదు. నలభై ఏళ్ళుగా దాచుకున్న మాట చెప్పింది. ఆ ఏడు టీచరు డేనిష్ సహాయ సంఘానికి వచ్చి ఇద్దరు ఆడపిల్లలకూ చదువు ఖర్చు అప్పుగా ఇవ్వమని అడిగింది. సంఘం కూర్చున్నది ఎల్నా వాళ్ళ ముందు గదిలోనే. ఇద్దరు ముగ్గురు ఇద్దామన్నారు. ఎల్నా తండ్రి వద్దన్నాడు.

"మన డబ్బు మన పిల్లలకి, అన్నాడు. కొలిమివాళ్ళ పిల్ల ఎలాగూ పద్దెనిమిదేళ్ళకి పెళ్ళి చేసుకుంటుంది అన్నాడు. నేను తలుపు వెనక ఉన్నాను వుకా. లోపలికి వెళ్ళి ఒక్క మాట అనగలిగేదాన్ని. నాకు పదహారేళ్ళు, భయమేసింది అని చెప్పుకుంటూ వచ్చాను. భయం కాదు. నా ఒక్కదానికే వస్తుందని సంతోషించాను."

అత్త కలం కింది ప్రశ్నకు జరిపి, "స్నానాల గదులెన్ని?" అని అడిగింది.

"రెండు."

రాసుకుంది. వంశం అడిగింది. "డేనిష్ అని రాయి. నా కొడుకులైతే అది కూడా రాయించరు" అంది ఎల్నా. అదీ రాసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఎల్నా చెయ్యి పట్టుకుని, కోపం రాలేదా అని అడిగింది.

"వచ్చింది" అంది అత్త. "ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి."

ఆ సాయంత్రం అత్త అన్నం తినలేదని, తలనొప్పి అని చెప్పిందని మాత్రం నాకు గుర్తుంది.

సరిగ్గా వారానికి, యూనియన్ కార్యదర్శి మిలుటిన్‌ను వెంటబెట్టుకుని నాన్న కిందకు వెళ్ళాడు. నేనూ ఉన్నాను. మూసివేత తర్వాత తేలిందేమిటంటే, కొలిమి, ఇసుక పనివాళ్ళ పెన్షన్ నిధి సగం ఖాళీ. ఆఫీసుకూ నమూనాల షాపుకూ వేరే నిధి, అది నిండుగా ఉందని అందరి అనుమానం. కంపెనీ కాగితాలు చూపించదు. అత్త సంచీలో గట్టు మీద ఆవిడ తిరిగిన ఇళ్ళ ఆదాయాలు ఉన్నాయి.

మిలుటిన్ మెల్లగానే అడిగాడు. "నిన్ను జైలుకి పంపాలని మాకేం సరదా లేదు వుకా. పేర్లొద్దు. ఫౌండ్రీ పెన్షన్ మొత్తం అందుకుంటున్న ఇళ్ళు పైన ఎన్నున్నాయో చెప్పు, చాలు. పేపరుకిస్తాం."

"ఉన్నవే ముప్పై ఇళ్ళు. పేర్లు లేకపోతే మాత్రం ఎవరెవరో ఊరికి తెలీదా?"

"తెలిస్తే తెలియనీ" అన్నాడు నాన్న. "నీకు వాళ్ళ మీద అంత ప్రేమేంటక్కా? నాన్న కాలిపోయినప్పుడు ఒక్కడైనా మన గుమ్మం తొక్కాడా?"

"తొక్కలేదు."

"మరి?"

"అడిగితే చెప్పారు, ఎవరికీ చెప్పనని మాటిచ్చాక. అంతే."

"గోయ్కో దగ్గి దగ్గి చచ్చాడు. ఆ దుమ్ము వాళ్ళెవరైనా పీల్చారా? నీకు సిగ్గు లేదా?"

అత్త మొహం ఎర్రబడింది. "నీ జవాబులు కూడా ఇందులోనే ఉన్నాయి ఒబ్రెన్. మిలుటిన్ అడుగుతున్నాడు, తీసి చదవమంటావా?"

నాన్న మొహం రంగు మారిపోయింది. మిలుటిన్ నేల చూపులు చూశాడు. ఆ మాట అన్న మరుక్షణమే అత్త తమ్ముడి చెయ్యి పట్టుకోబోయింది. నాన్న వెనక్కి లాక్కుని మెట్లెక్కేశాడు.

ఆ తర్వాత నాన్న ఆవిడతో మాట్లాడలేదు. సెర్బు కుటుంబాలు ఏటా చేసుకునే ఇంటి పునీతుడి పండగకు కొవ్వొత్తి వెలిగించేటప్పుడు కూడా పిలవలేదు. అమ్మ రొట్టె ముక్క గుడ్డలో చుట్టి నాతో పంపింది. చర్చిలో కొందరు ఆడవాళ్ళు అత్త పక్కన నిలబడడం మానేశారు. "గట్టు కోడలు" అని పేరు పెట్టారు. పన్నెండు వారాలకు లెక్కల పని అయిపోయింది. పైఅధికారి మెచ్చుకుంటూ ఉత్తరం ఇచ్చాడు. దాన్ని పట్టుకుని ఉద్యోగాలకు తిరిగితే లైబ్రరీలో నేల తుడిచే పని దొరికింది. చేరింది.

పెన్షన్ దావా నాలుగేళ్ళు నడిచి, మావాళ్ళకు రావలసినదాంట్లో సగం వచ్చింది. గట్టు మీద వాళ్ళది ఆగలేదు. అంటే అనుమానం నిజమే. అప్పటికి నాన్న ఊళ్ళో లేడు. 1981లో, ఆకులు రాలే రోజుల్లో, అమ్మను తీసుకుని హ్యూస్టన్ వెళ్ళి గోదాము కాపలాకు కుదిరాడు. బయల్దేరే ముందు అత్త వరండాలోకి వచ్చి నిలబడింది. నాన్న సామాను కట్టిన తాళ్ళు మూడోసారి బిగించి, తల తిప్పకుండా కారెక్కాడు. కింద వీధుల్లో మూడో వంతు ఇళ్ళు అలాగే ఖాళీ అయ్యాయి. నేను బ్యాంకు దగ్గర గది తీసుకుని, ఆదివారాలు అత్త దగ్గరకు వెళ్ళేదాన్ని. పైఅంతస్తుకు అద్దెకు ఎవరూ రాలేదు. చలికాలం అక్కడ నీటి గొట్టాలు పగిలితే అత్తే బకెట్లు పెట్టుకునేది.

ఎల్నా ఏటా మా క్రిస్మస్‌కు, పాత క్యాలెండరు లెక్కన జనవరి ఏడుకు, తేదీ తప్పకుండా కార్డు పంపేది. వంకర టింకర అక్షరాలు. అత్త చదివి సొరుగులో పెట్టేది. జవాబు రాయలేదు. ఒకసారి, వెళ్ళి చూసి రాకూడదా అన్నాను. "వెళ్తే ఆవిడకి తేలికవుతుంది" అంది. "నాకేమవుతుంది?"

1987 ఫిబ్రవరిలో అత్త చనిపోయింది. గోయ్కోను తీసుకుపోయిన దుమ్మే. నాన్న రాలేదు. పనిచేసే చోట సెలవు దొరకలేదన్నాడు. చర్చిలో ఇరవై మందిమి ఉన్నాం. వెనక ఎల్నా కర్ర పట్టుకుని నిలబడింది. మా చర్చిలో గోడ పక్కన కుర్చీలుంటాయని ఆవిడకు తెలియదు, ప్రార్థన పూర్తయ్యేదాకా నిలబడే ఉంది. భోజనాల దగ్గర, పోయినవాళ్ళ పేరిట పెట్టే ఉడికించిన గోధుమలు చెంచాతో తినలేకపోతుంటే నేను పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పింది ఆ తలుపు వెనక సంగతి, ఎక్కడా తన తప్పు తగ్గించుకోకుండా.

రాత్రిదాకా ఆగలేక మధ్యాహ్నమే నాన్నకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను.

"మేం వెళ్ళి అడిగింది అక్కకి ఇది తెలిశాకా, తెలియక ముందా?" అన్నాడు.

"తెలిశాకే నాన్నా. వారం తర్వాత."

"నాతో ఒక్క మాట అనలేదే."

"అది కూడా జవాబుల్లో మాటే కదా."

ఫోన్ పెట్టేశాడు. ఆ వేసవిలో ఇల్లు అమ్మడానికి వచ్చాడు. కొన్నవాళ్ళు మావాళ్ళూ కాదు, గట్టు వాళ్ళూ కాదు. సంతకాలయ్యాక శ్మశానానికి తీసుకెళ్ళాను. గేటు దాకా వచ్చి, నువ్వు వెళ్ళి రా అన్నాడు. నేను కొవ్వొత్తి వెలిగించి, గడ్డి పీకి, అరగంట తర్వాత తిరిగి వచ్చేసరికి కారులో అలాగే కూర్చుని ఉన్నాడు. ఇంజను ఆపలేదు.