తెల్లదుప్పటి అంచున ఆగిన దండయాత్ర

ఆ రోజుల్లో నాకున్న ఆస్తల్లా రెండు కాళ్ళు. అబిడ్స్‌లో చీరల దుకాణంలో పని. వచ్చినామె "ఇదే అంచు, రంగు వేరే" అనడం ఆలస్యం, మూడో అంతస్తు గోదాముకు ఎగబాకి, ఆమె మనసు మారేలోపే చీర తెచ్చి పరిచేవాణ్ణి. అందుకని అందరూ 'దౌడు' అని పిలిచేవారు. (పెళ్ళైన కొత్తలో మా ఆవిడ అది నా ఇంటిపేరనుకుంది.) ఇప్పుడు మెట్ల మధ్యలో ఆగి, ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరి పీల్చుకునే మనిషిని కనుక, ఆ కాళ్ళ గురించి నాలుగు మాటలు గొప్పగా చెప్పుకున్నా మీరేమీ అనుకోరని ధైర్యం.

మా సేటుకు నాంపల్లిలో ఇంకో దుకాణం ఉండేది. ఆయన కొడుకు పెద్ద చదువు చదివొచ్చి, రెండు దుకాణాలవాళ్ళకూ ఐకమత్యం నేర్పాలని పెయింట్‌బాల్ ఆట పెట్టించాడు. (ఐకమత్యం కోసం ఒకరినొకరు కాల్చుకోవడమేమిటని ఎవరూ అడగలేదు.) రంగుగోళీ తగిలినవాడు ఆటలోంచి బయటికి, అవతలివాళ్ళ జెండా పీకినవాళ్ళది గెలుపు. అంతవరకూ సరదాగానే ఉంది. చివర్లో చినసేటు ఒక మాటన్నాడు. "సద్దుల బతుకమ్మ నాడు గెలిచినోళ్ళకు మధ్యాహ్నం సంది చుట్టీ. ఓడినోళ్ళు రాత్రి దాక దుకాణంలనే ఉండాలె." పెళ్ళయ్యాక అది మొదటి బతుకమ్మ. పొద్దుగూకేలోపు మెదక్‌లో పుట్టింటికి తీసుకుపోతానని మా ఆవిడకు మాటిచ్చాను. "పండుగనాడు చీరల దుకాణంల నీకు చుట్టీ ఇస్తరా? చూస్త గద. నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోను, చెప్తున్న" అందామె.

ఇక ఫోన్లో వీడియోలు చూసి యుద్ధవిద్య నేర్చుకున్నాను. ఇద్దరు ఆపకుండా పేలుస్తూ ఎదుటివాళ్ళను తల ఎత్తనివ్వకూడదు. ఆ సందులో మూడోవాడు నేరుగా మీద పడాలి. "ఉరుకుడు నీది, పేల్చుడు మాది" అన్నాడు మా బిల్లు కౌంటర్ అన్న. "ఏమన్న గానీ, మధ్యల ఆగకు దౌడూ!" నాంపల్లి జట్టుకు పెద్ద, మడతల మామ. అంతకుముందు మా దుకాణంలోనే ఉండి నాకు చీర మడత నేర్పిన గురువు. (చీరలు పరిచి చూపే తెల్లదుప్పటి మెత్త మీద చెప్పులతో కాలు పెట్టిన మొదటి రోజే గజంబద్దతో నా పిక్క మీద ఒక్కటి వేసి, "లక్ష్మి కూసునే జాగరా ఇది" అన్నాడు.) మోకాళ్ళ నొప్పులవాడు, ఉరకలేడు. జెండా పక్కనే డ్రమ్ముల చాటున కూర్చుంటాడని మాకు తెలుసు.

నాంపల్లి స్టేషన్ వెనక పాత గోదాము ఆవరణలో ఈల మోగింది. ముసుగులో నా ఊపిరి నాకే గాలివానలా వినిపిస్తోంది. టైర్ల చాటున నక్కి చూస్తుండగానే మావాళ్ళు ఒక్కొక్కరే రంగు పూసుకుని చేతులెత్తి వెళ్ళిపోయారు. అవతల కూడా అంతే. చివరికి నేనూ, బిల్లు కౌంటర్ అన్నా మిగిలాం. అవతల మామ ఒక్కడే. అన్న రెండు తుపాకుల పని ఒక్కడే చేస్తూ పేలుస్తున్నాడు. డ్రమ్ముల మీద టపటపా రంగు చిట్లుతోంది. మామ తల దించాడు. "ఉరుకు!" లేచాను. చెవి పక్కనుంచి ఒక గోళీ రివ్వున పోయింది. వంగలేదు, ఆగలేదు, బొబ్బలు పెడుతూ డ్రమ్ములు చుట్టి లోపలికి దూసుకెళ్ళాను. జెండా చేతికందేంత దూరంలో ఉంది. దాని చుట్టూ నేల మీద, మడత నలగని మా దుకాణపు తెల్లదుప్పటి పరిచి ఉంది.

నా కాళ్ళు ఆగిపోయాయి. నేను ఆపలేదు, దేవుడి తోడు, అవే ఆగాయి. తుపాకీ చంకలో పెట్టుకుని, వంగి కుడి బూటు లేసు విప్పుతున్నాను. "ఏం జేస్తున్నవ్‌రా?" అని వెనకనుంచి అన్న గోల పెడుతున్నాడు. ఎడమ బూటు మీద చెయ్యి పడేసరికి, "ఏమనుకోకు బిడ్డా" అంటూ మామ నా వీపు మీద ఫట్‌మని పేల్చాడు. నన్ను చూసి నోరు తెరుచుకుని నిలబడ్డ అన్న తర్వాతి గోళీకి పోయాడు.

సద్దులనాడు దుకాణం కిటకిటలాడుతోంది. ఇంట్లో మా ఆవిడ బ్యాగు సర్దుకుని కూర్చుంది. ఫోన్ చేయలేదు, చేసి తిట్టినా బాగుండేది. మధ్యాహ్నం దాటాక మడతల మామ వచ్చాడు. మెత్త అంచున చెప్పులు విడిచి, మోకాలు పట్టుకుని మెల్లగా నా చోట్లో కూర్చున్నాడు.

"మీకు చుట్టీ గద మామా?"

"ఔ. నా చుట్టీ, నా ఇష్టం. నీ లెక్క గోదాముకు ఉరుకుడు నాతోని గాదు, కిందున్నయే చూపెడత. జర జల్ది నడువు, బస్సు పోతది."

నేను చెప్పులు వేసుకుని తిరిగి చూశాను. ఆయన అప్పటికే ఎవరికో చీర విప్పి చూపిస్తున్నాడు. మెదక్ బస్సులో కథంతా చెబితే, "లడాయిల బూట్లిడిసినవా!" అని మా ఆవిడ నవ్వీ నవ్వీ నా భుజం మీద వాలిపోయింది.

మొన్న ఏదో మాట మీద కోపంతో వీధిగుమ్మం నుంచే అరుస్తూ ఇంట్లోకి దూసుకొచ్చాను. ఆవిడ తొణకలేదు. చేతిలో ఉన్న ఉతికిన తెల్లదుప్పటిని హాల్లో నేల మీద పరిచి, దాని మధ్యలో కూర్చుంది. నేను అంచున ఆగి, బూట్లు విప్పడానికి వంగాను. నడుము పట్టేసింది. ఆవిడ చెయ్యి పట్టుకుని లేపేసరికి, ఎందుకు అరుస్తూ వచ్చానో నాకు గుర్తులేదు.