సుందరి ముక్కుకు నచ్చిన బండి

పొద్దున్నుంచి మూడు బండ్లు చూశారు. మూడూ సుందరికి అసహ్యమే పుట్టించాయి.

మొదటిది నరసరావుపేట బైపాసు పక్కన ఉంది. డ్రైవరు తలుపు లోపలివైపు గుట్కా ఉమ్మి కారి కారి, ఎండి, పెచ్చుకట్టింది. సుందరి తలుపు తీసి, తీసినంత వేగంగా వేసేసింది.

"ఇది బండా, ఉమ్మితొట్టా?"

"కడిగితే పోద్దమ్మా," అన్నాడు అమ్మేవాడు.

"మరి నువ్వెందుకు కడగలా? మేమొచ్చి కడుగుతామని దాచిపెట్టావా?"

రెండోది దూరానికి పెళ్ళికొడుకులా మెరిసింది. వాళ్ళతో వచ్చిన మెకానిక్ జాన్ సాహెబ్ తాళం చెవితో బండి వెనక తొట్టి అంచు గీకాడు. పెయింటు కింద పుట్టీ, పుట్టీ కింద తుప్పు, తుప్పు కింద నేల కనపడింది. మూడో బండిలో సీటు ఎత్తితే ఎలుక పిల్లలు. కళ్ళు తెరవనివి, గులాబీరంగువి, గుప్పెడు. సుందరి భర్త మరియదాసు వాటిని చూసి నవ్వాడు.

"ఎలకలు ఫ్రీ అంటనే."

"ఆటిని చూసి నవ్వొస్తందా నీకు? ఆ సీటు మీద కూర్చుని నా అన్నం డేగిసాలు తోలతావా?"

అదీ సంగతి. సుందరికి బండి కావలసింది అన్నం తోలడానికి. ఆమె వంట మేస్త్రి. పెళ్ళిళ్ళకు, చర్చి పండగలకు, గృహప్రవేశాలకు భార్యాభర్తలిద్దరూ వండుతారు. మరియదాసు పొయ్యిలూ బరువులూ చూసుకుంటాడు, ఉప్పూ కారం సుందరివి. ఆమె చేతి పప్పుచారు కోసం పిలవని పెళ్ళికి కూడా పోయే మనుషులున్నారు ఆ చుట్టుపక్కల. కాకపోతే డేగిసాలు మోయడానికి సొంత బండి లేదు. అద్దె ట్రాలీలే గతి.

కిందటేడు వాసంతమ్మ గారింట్లో ఓణీల ఫంక్షను. ఆ ఇంటివాళ్ళు సుందరి చేత వండించుకోవడం అదే మొదలు. అద్దె ట్రాలీ వాడు ముందురోజు పురుగుమందు డబ్బాలు తోలి, తొట్టి తుడవకుండా వచ్చాడు. అన్నం బుట్టలకు ఆ వాసన పట్టింది. మొదటి పంక్తిలోనే జనం ఆకుల ముందు నుంచి లేచారు. వాసంతమ్మ అరవలేదు, తిట్టలేదు. పక్కావిడతో మెల్లగా, సుందరికి వినపడేటంత మెల్లగా అంది:

"ఎంతైనా వాళ్ళ చేతి వంట కదా. శుభ్రం ఎక్కణ్ణించి వస్తది?"

సుందరి ఆ బుట్టలన్నీ గోతిలో పోసి, మళ్ళీ ఎసరు పెట్టి, మళ్ళీ వండింది. అన్నం ఇంకోసారి వండగలిగింది గానీ ఆ మాటను మాత్రం గోతిలో పొయ్యలేకపోయింది. అప్పటినుంచీ ఒకటే పట్టు. అన్నం తప్ప ఇంకోటి ఎక్కని బండి తనకుండాలి. కొత్తది కొనే స్తోమత లేదు. పాతదే కొనాలి, అదీ చిన్నదే. కానీ తను వండింది ఎక్కించడానికి మనసొప్పేదై ఉండాలి.

నాలుగో బండి గురజాల రోడ్డులో శ్రీకర్ అనే కుర్రాడి షెడ్డులో దొరికింది. శ్రీకర్ పొలాలున్న ఇంటివాడు. ఇస్త్రీ చొక్కా, చెవిలో ఫోను, పాతబండ్ల వ్యాపారం.

"ఇది మా ఇంటి బండేనమ్మా. మా మిరపకాయలు గుంటూరు యార్డుకి తోలడం తప్ప ఇంకో పని ఎరగదు," అన్నాడు.

జాన్ సాహెబ్ ఇంజను స్టార్ట్ చేసి, చెవి ఒగ్గి విని, పొగ రంగు చూసి తలూపాడు. "ఇంజను బంగారం చెల్లే. దీంట్లో వంక పెట్టేదేం లేదు."

మరియదాసు అప్పటికే హారను కొట్టేశాడు. పాట హారను. మళ్ళీ కొట్టాడు.

సుందరి ఎవరి మాటా వినలేదు. చీర కుచ్చిళ్ళు దోపి తొట్టిలోకి ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే ఘాటు ముక్కుపుటాల్లోకి కొట్టింది. తుమ్మింది. ఒకటి కాదు, వరసగా. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రబ్బరు పట్టా మీద ఎర్రటి పొడి, మూలల్లో మిరప గింజలు. తుమ్ముతూనే నవ్వింది. ఆ పూట ఆమె నవ్వడం అదే మొదలు.

"ఏమయ్యో, ఇది మన వాసనే!"

పల్నాడులో పుట్టినవాళ్ళకి మిరప ఘాటు వాసన కింద లెక్కకాదు. సుందరి చిన్నప్పుడు వాళ్ళమ్మ కోతకు పోయి సాయంత్రం ఇంటికొస్తే కొంగు నిండా అదే. కల్లాల్లో, బడిసంచిలో, అన్నం తినే చేతిలో అదే. బండిలో మిరప వాసన వస్తోందంటే కష్టం చేసిన బండి, మర్యాదగల బండి అని ఇక్కడ ఎవరైనా అనుకుంటారు. సుందరీ అలాగే అనుకుంది. అక్కడికక్కడే బయానా ఇచ్చేశారు. ఒక పూట నడిపి చూసుకుని, మర్నాడొచ్చి మిగతాది కట్టమన్నాడు శ్రీకర్.

ఇంటికొచ్చాక మరియదాసు పాస్టరు గారికి ఫోను చెయ్యబోయాడు, వచ్చి బండి మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తారని. సుందరి ఫోను లాక్కుంది.

"కడగంది ప్రార్థనేంది? ముందు కడగనియ్యి."

కొత్త గిన్నె ఇంటికొస్తే సుందరి ఒక పద్ధతి చేస్తుంది. మరిగే గంజి పోసి నానబెట్టి, చింతపండు గుజ్జుతో రుద్ది, పొయ్యి బూడిదతో తోమి, ఎండలో బోర్లిస్తుంది. ఆ తర్వాతే అందులో ఎసరు. బండయితే మాత్రం పద్ధతి మారుతుందా? పక్కింటి శాంతి కూడా చీపురు పట్టుకొచ్చింది. మరియదాసు స్క్రూలు విప్పి రబ్బరు పట్టా లాగేశాడు.

మొదట పోసిన నీళ్ళు ఎర్రగా దిగాయి. అందరూ తుమ్ములు, నవ్వులు.

"వదినా, ఈ నీళ్ళతో పచ్చడి కలపొచ్చు," అంది శాంతి.

తర్వాత సుందరి మరిగే గంజి తెచ్చి తొట్టి అంచుల్లో, రేకు అతుకుల్లో పోసింది. ఘాటు పోయింది. ఘాటు కింద ఉన్నది లేచింది.

ఏం వాసనో మొదట అర్థం కాలేదు. తియ్యగా, బరువుగా, గొంతులో చెయ్యిపెట్టినట్టు. అతుకుల్లోంచి తెల్లటి కొవ్వు కరిగి బయటికొచ్చింది. దానికి అంటుకుని ఈకలు. ఈకలకు పట్టుకుని ఎండిపోయిన పురుగుల పొట్టు. గంజి వేడికి అదంతా మెత్తబడి, చీము కారినట్టు కారి సుందరి పాదాల మీద పడింది.

మరియదాసు గోడ పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు. శాంతి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆమె కోళ్ళ ఫారంలో ఊడ్చే పని చేసిన మనిషి.

"కోళ్ళే వదినా. చచ్చిన కోళ్ళు. మా ఫారం కాడ చచ్చినోటిని ఇట్టాటి బండ్లోనే ఎత్తుకుపోతారు, చేపల చెరువుల్లో మేత కింద వెయ్యటానికి."

"మరి మిరపకాయలు?"

"తాలు మిరపకాయల పొడి. పైన చల్లారు. మనం పసిగట్టకుండా."

సుందరి కాళ్ళు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. సబ్బు అరిగింది గానీ వాసన వదల్లేదు. శ్రీకర్ మీద కోపం తర్వాత, ముందు తన మీద తనకే రోత పుట్టింది. బియ్యం గుప్పిట పట్టి పురుగుందో లేదో చెప్పే ముక్కు, నూనె డబ్బా మూత తియ్యకుండానే కనరెక్కిందని చెప్పే ముక్కు, వాళ్ళమ్మ కొంగు వాసన చూపించేసరికి కుక్కలా తోక ఊపింది. ఈ దేశంలో ఎవడైనా మోసం చెయ్యదలచుకుంటే ఇంతకన్నా సులువైన దారి ఉందా? ఛీ!

మర్నాడు పొద్దున్నే లేచి వండింది. వేడన్నం, ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, కాచిన నెయ్యి. క్యారేజీలో సర్దింది.

"గొడవకి పోతా క్యారేజీ ఏందే?" అన్నాడు మరియదాసు.

"నువ్వు బండి తోలు."

దారిలో జాన్ సాహెబ్‌ని ఎక్కించుకున్నారు. తొట్టి దగ్గరికి రాగానే ఆయన ముఖం ముడుచుకుపోయింది. "నేను ఇంజనే చూశా చెల్లే," అన్నాడు, తప్పు తనదే అయినట్టు.

షెడ్డులో శ్రీకర్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "ఏమ్మా, నచ్చిందా? మిగతా డబ్బులు తెచ్చారా?"

"అన్నం తెచ్చా బాబూ. బండి చానా బాగుంది. కాకపోతే చచ్చిన కోళ్ళు తోలారని చెప్పడం మర్చిపోయారు మీరు."

శ్రీకర్ ముఖం ఒక్క క్షణమే మారింది. "ఎప్పుడో నాలుగు ట్రిప్పులు. దానికేంది? కడిగితే పోద్ది. నువ్వు కోడి తినవా ఏంది?"

"కోస్తే తింటా. చస్తే తినను."

షెడ్డులో పనివాళ్ళు చేతులాపి చూస్తున్నారు. వాళ్ళ ముందు చిన్నబోవడం ఇష్టం లేక శ్రీకర్ నవ్వాడు. "అబ్బో! మీ వాళ్ళక్కూడా వాసనల పట్టింపు ఎప్పుడొచ్చిందే?"

మరియదాసు ఎన్నడూ ఎవరినీ ఒక మాట అనని మనిషి. స్పానరు ఎక్కడుందా అని చుట్టూ చూశాడు. సుందరి అతని చొక్కా పట్టుకుని ఆపింది. ఆపి, తొట్టి వెనక తలుపు దింపి, రేకు మీద వెంట తెచ్చిన అరిటాకు పరిచింది. అన్నం వడ్డించింది. పప్పు వేసింది, నెయ్యి పోసింది, పచ్చడి ఓ మూలకు పెట్టింది. పంక్తిలో పెద్దమనిషికి వడ్డించినట్టే.

"నిన్న గంజితో కడిగా. చింతపండుతో రుద్దా. కడిగితే పోద్దన్నావుగా. రా, ఎక్కి కూర్చుని తిను. నువ్వు తిన్నాక మిగతా డబ్బులు నీ చేతిలో పెట్టి బండి తోలుకుపోతా."

ఎండకి రేకు కాలుతోంది. కాలేకొద్దీ అతుకుల్లోంచి ఆ కంపు మళ్ళీ లేచింది. ఈగలు ముందు రేకు మీద వాలాయి, అక్కణ్ణించి అన్నం మీదికొచ్చాయి. శ్రీకర్ తగ్గలేక రెండడుగులు వేశాడు. మూడో అడుగుకి చెయ్యి ముక్కు మీదికి పోయింది.

"ఛీ! తియ్యి ముందు దాన్ని!"

"చూశావా, నీక్కూడా వాసనొస్తంది. ఇక నా బయానా ఇయ్యి."

శ్రీకర్ జేబులోంచి నోట్లు తీసి బానెట్ మీదికి విసిరాడు. మరియదాసు ఏరుకోబోయాడు. సుందరి చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను నీ చేతికిచ్చా. నువ్వూ నా చేతికియ్యి."

చెయ్యి చాపి నిలబడింది. దించలేదు. పనివాళ్ళలో ఎవరో దగ్గారు. శ్రీకర్ నోట్లు తనే ఏరి, ఆమె అరచేతిలో పెట్టి, వెనక్కి తిరిగి లోపలికి పోయాడు.

సుందరి ఆకు మడిచింది. ఈగలు వాలిన అన్నం ఎవరికి పెడుతుంది? షెడ్డు వెనక మట్టిలో గొయ్యి తీసి పూడ్చింది. ఆ మట్టితోనే చెయ్యి రుద్దుకుంది. శ్రీకర్ మాటకి కాదు. తను వండిన అన్నాన్ని తెలిసి తెలిసి అలాంటి చోట వడ్డించినందుకు. ఆ రేకు మీద నెయ్యి పోసిన చెయ్యి తనదే. బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డంతసేపూ ఆ చెయ్యిని ఒంటికి తగలనివ్వకుండా దూరంగా పట్టుకుంది.

జాన్ సాహెబ్ ఆమె పక్కకొచ్చాడు. "చెల్లే, మాచర్లలో ఇంకోటుందంట. ఐస్ బండి. వాసనే ఉండదంట."

"ఐసు కింద ఏం పెట్టి తోలారంట?"

మరియదాసు ఆశ చావక అడిగాడు. "పోయి చూద్దామా మరి?"

బస్సు వస్తోంది. సుందరి శుభ్రంగా ఉన్న చెయ్యి ఎత్తింది.

"పోదాం. గంజి నేను తెస్తా. ముందు కడుగుతా, ఆ తర్వాతే బేరం. కడగనియ్యనన్నోడి బండి మనకొద్దు."